మెయిల్‌బాక్స్ నిండా ప్రీ-అప్రూవ్డ్ క్రెడిట్ కార్డు ఉత్తరాలు. వీటిని ఆపేదెలా?

చార్లెట్_కిరణ్
ఇండియా నుంచి నిన్న రాత్రే తిరిగి అమెరికాలో దిగాం. మెయిల్‌బాక్స్ తలుపు తీయగానే కవర్లు కాళ్ళ మీద పడ్డాయి. పనికొచ్చేవి కరెంటు బిల్లు, కారు రిజిస్ట్రేషన్ కాగితం. మిగతావన్నీ "మీరు ప్రీ-అప్రూవ్డ్" అంటూ క్రెడిట్ కార్డు కంపెనీలు రాసిన ఉత్తరాలే. నాకు వచ్చాయి, మా ఆవిడకు వచ్చాయి, తొమ్మిదేళ్ళ మా వాడి పేరు మీద కూడా ఒకటి వచ్చింది. అది చూశాక అసలు టెన్షన్ మొదలైంది.

మేం వీటిలో దేనికీ అప్లై చేయలేదు. మా అడ్రసు, పేర్లు వీళ్ళకు ఎవరిచ్చారు? ఇన్ని కంపెనీలు మన క్రెడిట్ ఫైలు చూస్తుంటే క్రెడిట్ స్కోరు పడిపోదా? ఒక్కొక్క కంపెనీకి ఫోన్ చేసి ఆపమనాలా, ఒకేసారి ఆపే దారి ఏదైనా ఉందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఉల్లిపాయ_పకోడి
మా ఇంట్లో ఇవి రాని రోజు ఆదివారం ఒక్కటే. ఆ రోజు పోస్టు రాదు కాబట్టి.

గోదారి_గట్టు
విప్పకుండా చించి రీసైకిల్ డబ్బాలో వేసేయండి బ్రదర్. ఇరవై ఏళ్ళుగా నేను చేసేది అదే. దీనికింత ఆలోచన ఎందుకు?

శైలజ_ఫ్రాడ్‌డెస్క్
గట్టు గారూ, చించి వేస్తే సరిపోదండీ. నేను ఒక బ్యాంకులో ఫ్రాడ్ విభాగంలో పనిచేస్తాను. ఆ ఉత్తరంలో మీ పేరు, అడ్రసు, ఆ ఆఫర్‌కు మాత్రమే ఇచ్చిన కోడ్ ఉంటాయి. అపార్ట్‌మెంట్లలో వరసగా ఉండే మెయిల్‌బాక్సులను పగలగొట్టి ఇలాంటివి ఎత్తుకుపోయేవాళ్ళు ఉన్నారు. మీ ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఇంకెక్కడో లీకై వాళ్ళ చేతిలో ఉంటే, ఈ ఉత్తరంతో పని ఇంకా సులువవుతుంది.

కిరణ్ గారూ, ముందు మీ మొదటి ప్రశ్న. మీ పేరు ఇచ్చింది క్రెడిట్ బ్యూరోలు, అంటే మన అప్పుల చరిత్ర నమోదు చేసి ఉంచే కంపెనీలు. ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, వీటితోపాటు ఇనోవిస్ అనే నాలుగోది. బ్యాంకు వాళ్ళు బ్యూరోకు ఒక కొలత ఇస్తారు: స్కోరు ఇంతకు మించాలి, ఈ జిప్‌కోడ్‌లలో ఉండాలి, ఈమధ్య బాకీలు ఎగ్గొట్టి ఉండకూడదు, ఇలాగ. ఆ కొలతకు సరిపోయినవాళ్ళ పేర్లు, అడ్రసులు బ్యూరో అమ్ముతుంది. దీన్ని ప్రీస్క్రీనింగ్ అంటారు. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ దీన్ని అనుమతిస్తుంది. వద్దని చెప్పే హక్కు మనకు ఇచ్చింది కూడా ఆ చట్టమే.

స్కోరు గురించి భయం వద్దు. ఇది సాఫ్ట్ ఎంక్వయిరీ. రిపోర్టులో మీకు కనిపిస్తుంది కానీ స్కోరును తాకదు. మీరు సంతకం పెట్టి అప్లై చేసినప్పుడే హార్డ్ ఎంక్వయిరీ పడుతుంది.

చార్లెట్_కిరణ్
అంటే నా అనుమతి లేకుండా నా పేరు అమ్ముకోవడం చట్టబద్ధమేనా? ఇది అన్యాయం కదండీ.

ఎడిసన్_మామయ్య
అన్యాయమే బాబూ. కానీ ఇంతకన్నా అన్యాయమైన రోజులు ఉండేవి. ఇప్పుడు ఉత్తరం పంపుతున్నారు, అప్పట్లో ఏకంగా కార్డే పంపేవాళ్ళు. 1958 సెప్టెంబర్‌లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఊళ్ళో అడగనివాళ్ళకు సుమారు 60,000 కార్డులు పోస్టులో పంపించింది. అదే తర్వాత వీసా అయింది. 1966లో షికాగో బ్యాంకులు ఒకదాన్ని చూసి ఒకటి లక్షల్లో కార్డులు పంచేశాయి. మెయిల్‌బాక్సుల్లోంచి దొంగలు తీసుకుని వాడేశారు, బిల్లులు మాత్రం పేరున్నవాళ్ళకు వెళ్ళాయి. ఆ గొడవలన్నీ చూశాకే 1970లో అడగకుండా కార్డు పంపకూడదని చట్టం చేశారు. పాత కార్డు గడువు తీరితే దాని బదులు కొత్తది పంపవచ్చు, అంతే.

అందుకే ఇప్పుడు "అప్రూవ్ అయ్యారు, మీరు ఊ అంటే చాలు" అని రాస్తారు. ఆ ఊ అనడం మన చేతిలో ఉంది.

రాజమండ్రి_రోజ్‌మిల్క్
మామయ్యగారి పోస్టుకు ఒక లైక్ సరిపోదు. ఈ సంగతి నాకు అసలు తెలియదు.

ఫ్రిస్కో_పద్మ
ఆపే దారి ఉంది కిరణ్. ఆప్ట్‌అవుట్‌ప్రీస్క్రీన్ డాట్ కామ్ అని ఆ నాలుగు బ్యూరోలూ కలిసి నడిపే సైటు. ఫోన్ అయితే 1-888-567-8688. ఆన్‌లైన్‌లో గానీ ఫోన్‌లో గానీ చెప్తే ఐదేళ్ళు ఆగుతాయి. శాశ్వతంగా ఆపాలంటే ఆ సైటులోనే మొదలుపెట్టి, ఫామ్ ప్రింట్ తీసి, సంతకం చేసి పోస్టులో పంపాలి. చాలామంది ఆన్‌లైన్ వరకు చేసి ఆగిపోతారు. ఫామ్ పంపకపోతే మీ ఖాతాలో ఉండేది ఐదేళ్ళే, గుర్తుపెట్టుకోండి.

మీరూ, మీ ఆవిడా విడివిడిగా చేయాలి. ఒకరు చేస్తే ఇంకొకరికి వర్తించదు.

గోదారి_గట్టు
ఆ సైటులో ఎస్ఎస్ఎన్ అడుగుతారు. పైగా డాట్ గవ్ కాదు, డాట్ కామ్. ఉత్తరాలు ఆపుకోబోయి ఎస్ఎస్ఎన్ ఎవడికో ఇచ్చుకోవడం తెలివైన పనేనా? నేనైతే ఇవ్వను.

బే_ఏరియా_భాను
గట్టు గారితో నేనూ ఏకీభవిస్తాను. ఇలాంటి పేర్లతో దొంగ సైట్లు బోలెడు.

శైలజ_ఫ్రాడ్‌డెస్క్
అనుమానించడం మంచిదే. అయితే దీన్ని సరిచూసుకోవడం తేలిక. మీకు వచ్చిన ప్రీ-అప్రూవ్డ్ ఉత్తరం ఒకటి తీయండి. మొదటి పేజీలో ఒక డబ్బాలో చిన్న నోటీసు ఉంటుంది, లోపల ఇంకో చోట వివరంగా ఉంటుంది. "ఇలాంటి ఆఫర్లు వద్దనుకుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని. ఆ నోటీసు ఎలా కనిపించాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం పెట్టింది, 2005 నుంచి అమల్లో ఉంది. అక్కడ ఉన్న నంబరు, పద్మ గారు ఇచ్చిన నంబరు ఒకటే. ట్రేడ్ కమిషన్ సొంత సైటులో కూడా ఇదే లింకు ఉంటుంది. అక్కడి నుంచే లోపలికి వెళ్ళండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనల మీద నొక్కకండి.

బ్యూరోల దగ్గర మీ ఎస్ఎస్ఎన్ ఇప్పటికే ఉంది కదా. మీ ఫైలు ఏదో గుర్తుపట్టడానికి అడుగుతున్నారు. టైపు చేయడం ఇష్టం లేకపోతే ఫోన్ చేయండి, మెషిన్ అడిగిన వివరాలు చెప్తే సరిపోతుంది.

గోదారి_గట్టు
సరే, నోటీసు ఉత్తరంలోనే ఉందంటే నమ్ముతాను. ఇన్నేళ్ళూ విప్పలేదు కాబట్టి చూడలేదు. ఈరోజు వచ్చిన దాంట్లో చూశాను, ఉంది.

పాయింట్ల_పరశురాం
అందరూ ఆపడం గురించే మాట్లాడుతున్నారు. నేను వేరే మాట చెప్తాను. ఆపకండి. ఈ ఉత్తరాల్లో ఒక్కోసారి బ్యాంకు సైటులో కనిపించే దానికంటే పెద్ద సైన్-అప్ బోనస్ ఉంటుంది. నా ఇండియా టికెట్లు పాయింట్ల మీదే కొంటాను. పోయినసారి నలుగురం హైదరాబాద్ వెళ్ళింది అలాగే. ఉత్తరాలు చదవడానికి వారానికి పది నిమిషాలు కేటాయిస్తే చాలు. చట్టం ప్రకారం ఇది "ఫర్మ్ ఆఫర్", అంటే ఊరికే ఊరించి మాట మార్చడానికి వీల్లేదు.

శైలజ_ఫ్రాడ్‌డెస్క్
ఫర్మ్ ఆఫర్ నిజమే, కానీ షరతులతో. లిస్టు తీసిన రోజుకు, మీరు అప్లై చేసిన రోజుకు మధ్య మీ స్కోరు పడిపోయినా, ఆదాయం వాళ్ళు ముందే పెట్టుకున్న కొలతకు సరిపోకపోయినా కాదనవచ్చు. "ప్రీ-అప్రూవ్డ్ అన్నారు, తీరా అప్లై చేస్తే రిజెక్ట్ చేశారు" అని మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. ఆ హార్డ్ ఎంక్వయిరీ మాత్రం రిపోర్టులో రెండేళ్ళు ఉండిపోతుంది.

ఫ్రిస్కో_పద్మ
పరశురాం గారూ, మీకు ఓపిక ఉంది, నెలనెలా మొత్తం కట్టేస్తారు. మా తమ్ముడు మాస్టర్స్ అయిపోయి ఉద్యోగంలో చేరిన కొత్తలో "0 శాతం వడ్డీ" ఉత్తరాలు చూసి కార్డు మీద కార్డు తీసుకున్నాడు. ఆ 0 శాతం కొన్ని నెలలకే. గడువు దాటాక మిగిలిన బాకీ మీద మామూలు రేటు పడింది. అది 20 శాతం పైన. తేరుకోవడానికి చాలాకాలం పట్టింది. అమ్మానాన్నలకు డబ్బు పంపడం కూడా ఆపేయాల్సి వచ్చింది. వాడి చేతికి ఆ కవర్లు రాకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే నేను ఆపమనే చెప్తాను.

పాయింట్ల_పరశురాం
అర్థమైంది పద్మ గారూ. అలాంటి పరిస్థితిలో ఆపడమే మంచిది, కాదనను. నా మాట క్రమశిక్షణ ఉన్నవాళ్ళకు.

బే_ఏరియా_భాను
క్రమశిక్షణ ఉన్నవాళ్ళకు కూడా ఉత్తరాలు అక్కర్లేదు. చాలా బ్యాంకుల సైట్లలో "ప్రీక్వాలిఫై" అని ఉంటుంది. పడేది సాఫ్ట్ ఎంక్వయిరీ మాత్రమే. కావలసిన రోజు మనమే వెళ్ళి చూసుకోవచ్చు.

ఉల్లిపాయ_పకోడి
పరశురాం గారూ, విజయవాడకు ఎన్ని పాయింట్లో చెప్పగలరా? మా అత్తగారు అడుగుతున్నారు.

పాయింట్ల_పరశురాం
వేరే థ్రెడ్ తెరవండి, మీ అత్తగారికి నేనే రూటు వేసి ఇస్తాను.

ఓరుగల్లు_బిడ్డ
అన్నా, నాదొక డౌట్. నేను ఆప్ట్ అవుట్ చేసి, అంటే ఆ సైటుల ఆఫర్లు వద్దని చెప్పి, నాలుగు నెలలైంది. అయినా వస్తనే ఉన్నయి. ఇది పనిచేయదని నాకైతే అనిపిస్తుంది.

ఫ్రిస్కో_పద్మ
తమ్ముడూ, ఎవరి దగ్గర నుంచి వస్తున్నాయి? నీకు ఇప్పటికే ఖాతా ఉన్న బ్యాంకు నుంచా, కొత్తవాళ్ళ నుంచా?

ఓరుగల్లు_బిడ్డ
చూసిన అక్కా. సగం నా చెకింగ్ అకౌంట్ ఉన్న బ్యాంకువే. ఒకటి విమాన కంపెనీ కార్డు. ఒకటి నేను చదివిన యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సంఘం పేరు మీద.

శైలజ_ఫ్రాడ్‌డెస్క్
ఇక్కడే అందరూ పొరబడతారు. ఉత్తరం వచ్చినప్పుడు నేను పైన చెప్పిన ఆప్ట్-అవుట్ నోటీసు ఉందా లేదా చూడండి. ఉంటే పేరు బ్యూరో నుంచి వచ్చింది, పద్మ గారు చెప్పిన దారిలో ఆగుతుంది. లేకపోతే అది బ్యూరోను అడగకుండా వేరే లిస్టు పట్టుకుని పంపినది. "అప్లై చేయండి" అనే పిలుపు మాత్రమే, ప్రీ-అప్రూవ్డ్ కాదు. దాన్ని ఆ లిస్టు యజమాని దగ్గరే ఆపాలి.

మీ బ్యాంకుకు: వాళ్ళ ప్రైవసీ నోటీసులో మీరు ఎక్కడెక్కడ వద్దనవచ్చో ఒక పట్టిక ఉంటుంది. ఫోన్ చేసి "మార్కెటింగ్ మెయిల్ వద్దు, అనుబంధ సంస్థలతో పంచుకోవద్దు" అని అడగండి. విమాన కంపెనీకి: మైలేజీ ఖాతా సెట్టింగుల్లో భాగస్వాముల ఆఫర్లు ఆపే చోటు ఉంటుంది. యూనివర్సిటీకి: అలుమ్నై ఆఫీసుకు ఒక ఈమెయిల్.

ఇంకొకటి. ఆప్ట్ అవుట్ చెప్పాక బ్యూరోలు ఐదు పనిదినాల్లో నమోదు చేస్తాయి. అయితే అప్పటికే అచ్చులో ఉన్న ఉత్తరాలు కొన్ని వారాలపాటు వస్తూనే ఉంటాయి. నాలుగు నెలలకు మాత్రం బ్యూరో వాళ్ళవి ఆగిపోవాలి.

ఓరుగల్లు_బిడ్డ
నిజమే అక్కా, ఆ మూడింట్ల ఏ ఒక్కదాంట్లనూ ఆ నోటీసు లేదు. రేపు బ్యాంకుకు ఫోన్ కొడత.

చార్లెట్_కిరణ్
శైలజ గారూ, మా వాడి పేరు మీద వచ్చిన ఉత్తరం మళ్ళీ చూశాను. దాంట్లో నోటీసు లేదు. విమాన కంపెనీ కార్డు. ఇండియా ప్రయాణానికి వాడికి మైలేజీ నంబరు తీసుకున్నాం.

శైలజ_ఫ్రాడ్‌డెస్క్
అయితే దాదాపు ఖాయంగా అక్కడి నుంచే. చాలామంది పిల్లలకు ఇలాగే వస్తాయి. నోటీసు ఉన్న ఉత్తరం వచ్చి ఉంటే భయపడాల్సిన విషయం. 21 ఏళ్ళు నిండనివాళ్ళను వాళ్ళ అనుమతి లేకుండా ప్రీస్క్రీన్ చేయకూడదని 2009 కార్డ్ యాక్ట్ చెప్తుంది. అలా వచ్చిందంటే పిల్లవాడి పేరు మీదో, ఎస్ఎస్ఎన్ మీదో తప్పుడు వయసుతో ఫైలు తెరిచి ఉందని అనుమానించాలి.

అయినా మనసు కుదుటపడాలంటే మూడు పెద్ద బ్యూరోలకూ రాసి, పిల్లవాడి పేరు మీద ఫైలు ఉందా అని అడగండి. 16 ఏళ్ళలోపు పిల్లల ఫైలును తల్లిదండ్రులు ఉచితంగా ఫ్రీజ్ చేయించవచ్చు, అంటే కొత్త అప్పుకు ఆ ఫైలు తెరుచుకోకుండా ఆపించవచ్చు. జనన ధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డు కాపీలు జతచేసి పోస్టులో పంపాలి. మా ఇద్దరు పిల్లలకూ చేయించాను. ప్రతి తల్లీ తండ్రీ చేయించాలని నా కోరిక. పిల్లల ఎస్ఎస్ఎన్ దొంగతనం పద్దెనిమిదేళ్ళు వచ్చి కాలేజీ లోన్‌కు వెళ్ళేదాకా చాలాసార్లు బయటపడదు.

బే_ఏరియా_భాను
నేను 2017 ఎక్విఫాక్స్ లీకు తర్వాత మూడు చోట్లా ఫ్రీజ్ పెట్టాను. ఫ్రీజ్ ఉంటే ఈ ఉత్తరాలు వాటంతటవే ఆగిపోవాలి కదా?

శైలజ_ఫ్రాడ్‌డెస్క్
ఆగవు. ఫ్రీజ్ అంటే మీ పేరు మీద ఎవరైనా కొత్తగా అప్పు తీసుకోబోతే ఫైలు తెరుచుకోదు. ప్రీస్క్రీన్ లిస్టు దాని కిందకు రాదు. రెండూ వేరు, రెండూ చేయాలి. ఆ లీకులో 14 కోట్ల మందికి పైగా వివరాలు పోయాయి. అందుకే 2018 సెప్టెంబర్ నుంచి ఫ్రీజ్ పెట్టడం, తీయడం దేశమంతటా ఉచితం చేశారు.

ఇంటిలోన్_సుధీర్
ఇల్లు కొనేవాళ్ళు ఈ థ్రెడ్ చదువుతుంటే నా మాట కూడా వినండి. నేను హోమ్ లోన్లు చేస్తాను, ఎక్కువమంది మనవాళ్ళే. మీరు నా దగ్గర అప్లై చేసి, నేను మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించగానే, మర్నాడు పొద్దుటికల్లా ఊరూపేరూ తెలియని లెండర్ల నుంచి ఫోన్లు, మెసేజ్‌లు మొదలవుతాయి. "మీ లోన్ గురించి మాట్లాడాలి" అంటే, నా ఆఫీసు నుంచే అనుకుని పే స్టబ్‌లు (జీతం రసీదులు) పంపేసినవాళ్ళు ఉన్నారు. చాలామంది నన్నే అనుమానించారు, "నా నంబరు అమ్ముకున్నావా సుధీర్" అని. ఆ మాట పడడం చాలా బాధగా ఉంటుంది.

అమ్మేది నేను కాదు. మీ ఫైలు మీద హోమ్ లోన్ ఎంక్వయిరీ పడగానే బ్యూరో ఆ సమాచారాన్ని వేరే లెండర్లకు అమ్ముతుంది. దీన్ని ట్రిగ్గర్ లీడ్ అంటాం. ఇది కూడా ప్రీస్క్రీనింగ్‌లో భాగమే, అంటే పద్మ గారు చెప్పిన ఆప్ట్ అవుటే దీనికీ మందు. ఇల్లు చూడడం మొదలుపెట్టిన రోజే చేసేయండి, అప్లికేషన్ దాకా ఆగకండి. 2025 సెప్టెంబర్‌లో దీని మీద ఫెడరల్ చట్టం కూడా వచ్చింది. మీరు ఒప్పుకుంటేనో, మీకు ఇప్పటికే లోన్ గానీ ఖాతా గానీ ఉన్న సంస్థ అయితేనో తప్ప ఈ లీడ్ అమ్మకూడదని. 2026 మార్చి నుంచి అమలు. అయినా ఆప్ట్ అవుట్ చేసుకోండి.

ఫ్రిస్కో_పద్మ
సుధీర్ గారూ, మేం ఇల్లు కొన్నప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. మా వారి ఫోన్ మీటింగుల మధ్యలో మోగుతూనే ఉండేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

రాజమండ్రి_రోజ్‌మిల్క్
నాకు వచ్చే కవర్ల మీద పేరు మూడు రకాలుగా ఉంటుంది. ఒకదాని మీద ఇంటిపేరు ముందు, ఒకదాని మీద వెనక, ఒకదాని మీద "వెంకట" ఒక్కటే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏమీ లేకపోవడంతో వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడింది. ఆ పేరుతో కూడా ఉత్తరాలు! ఆప్ట్ అవుట్ ఏ పేరుతో చేయాలి?

శైలజ_ఫ్రాడ్‌డెస్క్
మనవాళ్ళకు ఇది పెద్ద సమస్య. ముందు యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు రిపోర్టులూ తెప్పించుకోండి, వారానికోసారి ఉచితం. మొదటి పేజీలో మీ పేరు ఎన్ని రకాలుగా నమోదైందో, ఏ అడ్రసులు ఉన్నాయో కనిపిస్తాయి. తప్పులు ఉంటే ఆ బ్యూరోకు డిస్ప్యూట్ (తప్పు అని అభ్యంతరం) పెట్టి తీయించండి. తర్వాత మీ సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్న పేరుతో ఆప్ట్ అవుట్ చేయండి. మీరు ఎప్పుడూ ఉండని అడ్రసు కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

గోదారి_గట్టు
నాదింకో సందేహం. కవరు మీద "రిటర్న్ టు సెండర్" అని రాసి వెనక్కి పడేస్తే? మా పక్కింటాయన అదే చేస్తాడు. లోపల ఉండే పోస్టేజీ కట్టిన కవర్లో వాళ్ళ కాగితాలే కుక్కి తిరిగి పంపుతాడు కూడా. ఖర్చు వాళ్ళకే అంటాడు.

పోస్టల్_ప్రసాద్
నేను పోస్టల్ సార్టింగ్ సెంటర్లో చేస్తాను. వీటిలో ఎక్కువ భాగం మార్కెటింగ్ మెయిల్ అనే తక్కువ రేటు తరగతి. పంపినవాళ్ళు ప్రత్యేకంగా కవరు మీద అడిగి ఉంటే తప్ప అవి వెనక్కి వెళ్ళవు, మేమే పారేస్తాం. మీ పక్కింటాయన రాసింది చదివేవాళ్ళు ఎవరూ ఉండరు. ఫస్ట్ క్లాస్ ముద్ర ఉన్నవి మాత్రం వెనక్కి వెళ్తాయి.

ఆ ప్రీపెయిడ్ కవరుకు కంపెనీ డబ్బు కడుతుంది, నిజమే. కానీ లిస్టులోంచి మీ పేరు తీసేసేవాళ్ళు ఆ కవరు దగ్గర ఎవరూ ఉండరు. పైగా మీ పేరున్న కాగితం అందులో పెడితే అదొక రిస్కు.

పాత అద్దెదారు పేరుతో వచ్చే ఉత్తరాలు మాత్రం విప్పకండి. అది నేరం కిందకు వస్తుంది. "ఈ అడ్రసులో లేరు" అని రాసి క్యారియర్‌కు ఇవ్వండి. "కరెంట్ రెసిడెంట్" అని ఉన్నవి మీవే, పారేయవచ్చు.

ఇండియా వెళ్ళేవాళ్ళు హోల్డ్ మెయిల్ పెట్టుకోండి, 30 రోజుల వరకు పోస్టాఫీసులోనే ఉంచుతాం. అంతకు మించితే తెలిసినవాళ్ళ అడ్రసుకు టెంపరరీ ఫార్వర్డ్ పెట్టండి. మార్కెటింగ్ మెయిల్ ఫార్వర్డ్ కాదు కాబట్టి ఈ కార్డు ఉత్తరాల్లో చాలావరకు వాళ్ళ నెత్తిన పడవు. ఇన్‌ఫార్మ్డ్ డెలివరీ అని ఉచిత సేవ ఉంది. ఈరోజు మీకు రాబోయే కవర్ల ఫోటోలు పొద్దున్నే ఈమెయిల్‌లో వస్తాయి. ఫోటోలో ఉన్నది కొన్ని రోజులైనా బాక్సులోకి రాకపోతే ఎవరో తీసి ఉండవచ్చని అనుమానించవచ్చు.

చార్లెట్_కిరణ్
ప్రసాద్ గారూ, ఇన్‌ఫార్మ్డ్ డెలివరీ ఇప్పుడే పెట్టుకున్నాను. చాలా థాంక్స్ అండీ.

ఓరుగల్లు_బిడ్డ
మా రూమ్మేట్‌కు కార్డు కంపెనీ నుంచి చెక్కులు వచ్చినయి, వాని పేరు అచ్చేసి. వాడు సంబరపడుతున్నడు. అవి ఏం చెక్కులు?

శైలజ_ఫ్రాడ్‌డెస్క్
వాడనివ్వకండి! కన్వీనియన్స్ చెక్కులు అవి. రాసిన ప్రతి రూపాయీ, అదే ప్రతి డాలరూ, అతని కార్డు మీద అప్పే. చాలావరకు క్యాష్ అడ్వాన్స్ (కార్డు మీద నగదు తీసుకోవడం) కింద లెక్కవేస్తారు. మొదట్లోనే ఫీజు, మొదటి రోజు నుంచే వడ్డీ. పోస్టులో దొంగ చేతికి దొరికితే ఇంకా ప్రమాదం. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి "నాకు ఈ చెక్కులు ఎప్పుడూ పంపవద్దు" అంటే ఆపుతారు. ఉన్నవి క్రాస్-కట్ ష్రెడ్డర్లో వేయమనండి.

విశాఖ_అల
మీరంతా అక్కడి సంగతి చెప్తున్నారు. ఇక్కడ ఇండియాలో ఉత్తరాలు లేవు, ఫోన్లే. కానీ మొన్న మా నాన్నగారికి అడగని క్రెడిట్ కార్డే కొరియర్లో వచ్చింది. రిటైర్డ్ టీచరు, పెన్షన్ ఖాతా ఉన్న బ్యాంకు. "సంతకం పెట్టి తీసుకున్నాను, ఏమవుతుందో" అని రాత్రంతా నిద్రపోలేదు.

ఎడిసన్_మామయ్య
అమ్మా, మీ నాన్నగారికి ధైర్యం చెప్పండి. ఇండియాలో కూడా అది నిషేధమే. రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. అడగని కార్డు ఇవ్వకూడదు. అనుమతి లేకుండా దాన్ని యాక్టివేట్ చేసి బిల్లు వేస్తే, ఆ మొత్తం రద్దు చేసి, దానికి రెట్టింపు పెనాల్టీగా ఖాతాదారుకే చెల్లించాలి. 30 రోజుల్లో యాక్టివేట్ చేయకపోతే ఓటీపీతో అనుమతి అడగాలి. ఒప్పుకోకపోతే ఏడు పనిదినాల్లో, పైసా తీసుకోకుండా మూసేయాలి.

ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పవద్దనండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయవచ్చు, ఖర్చు లేదు.

విశాఖ_అల
ధన్యవాదాలు మామయ్యగారూ. నాన్నకు మీ పోస్టు చదివి వినిపించాను. రేపు బ్రాంచికి తీసుకెళ్తాను. ఆ ఫోన్లకు ఏదైనా దారి ఉందా?

బే_ఏరియా_భాను
1909కి స్టార్ట్ 0 అని ఎస్ఎంఎస్ పంపమనండి, డీఎన్‌డీ (మార్కెటింగ్ ఫోన్లు ఆపే సేవ) మొత్తం ఆన్ అవుతుంది. మా అమ్మకు తగ్గాయి, పూర్తిగా పోలేదు. అయినా వచ్చిన వాటి మీద 1909కే ఫిర్యాదు చేయవచ్చు.

చార్లెట్_కిరణ్
ఇద్దరికీ ఆన్‌లైన్‌లో ఐదేళ్ళది చేసేశాం. శాశ్వత ఫామ్ కూడా ప్రింట్ తీశాను. పద్మ గారూ, రెండు ఫామ్‌లూ ఒకే కవర్లో పెట్టి పంపవచ్చా?

ఫ్రిస్కో_పద్మ
మేం వేర్వేరు కవర్లలో పంపాం. ఒక స్టాంపు ఎక్కువ, అంతే. సంతకం మర్చిపోకండి. ఎప్పుడైనా మనసు మారితే అదే సైటులో తిరిగి చేరవచ్చు, పరశురాం గారి పాయింట్ల కోసం.

రాజమండ్రి_రోజ్‌మిల్క్
ఆలస్యంగా ఒక ప్రశ్న. మా బాబాయి పోయిన ఏడాది న్యూజెర్సీలో పోయారు. పిన్నికి ఇప్పటికీ ఆయన పేరు మీద కార్డు ఆఫర్లు వస్తున్నాయి. ఆ పేరు చూసినప్పుడల్లా ఆవిడ కుదేలైపోతోంది. ఆయన తరఫున ఎవరు ఆపాలి?

శైలజ_ఫ్రాడ్‌డెస్క్
పిన్నిగారే చేయవచ్చు, లేదా ఆవిడ తరఫున మీరు కాగితాలు సిద్ధం చేసి సంతకం పెట్టించండి. మరణ ధ్రువపత్రం కాపీ, ఆవిడ భార్య అని చూపే కాగితం, బాబాయిగారి ఎస్ఎస్ఎన్, పుట్టిన తేదీ, అడ్రసు పెట్టి బ్యూరోకు రాయండి. ఫైలు మీద మరణించినట్టు నమోదు చేయమని అడగాలి. ఒక బ్యూరో మిగతావాళ్ళకు చెప్తుందని అంటారు కానీ మీరు మూడింటికీ రాయండి. అలా నమోదైతే ఆయన పేరు మీద ఎవరూ కొత్తగా అప్పు తీయడానికి కూడా కుదరదు. మిగతా ప్రకటనల ఉత్తరాలు ఆపడానికి డీఎంఏ చాయిస్ అనే సైటులో మరణించినవారి పేర్లకు విడిగా ఒక లిస్టు ఉంది, అందులో చేర్చండి.

అప్పటిదాకా పిన్నిగారి మెయిల్‌బాక్స్ తాళం మీరు తీసుకోండి.

రాజమండ్రి_రోజ్‌మిల్క్
శనివారం వెళ్తున్నాను. కాగితాలు అక్కడే కూర్చుని పూర్తిచేస్తాం.